కౌన్సిల్ సమావేశానికి అధ్యక్షత వహించడం ఎలా: విశాఖ కొత్త సభ్యుల కోసం

నగర పాలక మండలి సమావేశంలో అధ్యక్ష స్థానంలో కూర్చున్నవారికి ప్రధానమైన పని ఒక్కటే. ఏ నిమిషంలోనైనా సభ ముందున్న ప్రశ్న ఏమిటో హాలులోని ప్రతి సభ్యుడికీ, ప్రతి సభ్యురాలికీ, ఎదురుగా కూర్చున్న అధికారులకూ, వెనుక వరుసలో రాసుకుంటున్న విలేకరులకూ ఒకే తీరుగా తెలిసేలా చూడటమే ఆ పని. మైకు ఇవ్వడం, గంట మోగించడం, ఓటింగు పెట్టడం, సభను వాయిదా వేయడం, ఇవన్నీ అందుకు సాధనాలు మాత్రమే. నేను కొన్నేళ్ళపాటు ఒక పురపాలక సంస్థలో సమావేశాల మినిట్స్ రాశాను. రభస జరిగిన సమావేశాన్ని కాగితం మీద పెట్టడం నాకెప్పుడూ కష్టం కాలేదు. ఎవరు పోడియం దగ్గరికి వచ్చారో, ఎవరు వాకౌట్ చేశారో రాస్తే సరిపోయేది. ప్రశాంతంగా సాగి, చివరికి సభ దేనికి ఒప్పుకుందో ఎవరికీ తెలియకుండా ముగిసిన సమావేశాలే నన్ను పొద్దుపోయేదాకా కార్యాలయంలో కూర్చోబెట్టాయి.

విశాఖపట్నానికి మేయర్ ఒక్కరే అయినా, ఆ కుర్చీలో కూర్చోవలసి వచ్చేవారు ఒక్కరే కారు. మేయర్ రాని రోజున డిప్యూటీ మేయర్ సభను నడపాలి. ఇద్దరూ లేని రోజున హాజరైన సభ్యులు తమలో ఒకరిని ఎన్నుకొని ఆ బాధ్యత అప్పగించాలి. 2021లో రాష్ట్రం రెండో డిప్యూటీ మేయర్ పదవిని కూడా తెచ్చింది కాబట్టి, ఇద్దరున్న చోట మేయర్ లేనప్పుడు వారిలో ఎవరు కూర్చుంటారో సమావేశం రోజు ఉదయం గుమ్మం దగ్గర తేల్చుకోవడం మర్యాద కాదు. అందుకే మొదటిసారి గెలిచిన కార్పొరేటర్ కూడా ఈ పనిని నేర్చుకొని ఉంచుకోవాలని నా అభిప్రాయం. సభను నడిపే పద్ధతి తెలిసిన సభ్యుడు సాధారణ సభ్యుడిగా కూర్చున్నప్పుడు కూడా తన వార్డు పనిని మెరుగ్గా సాధించుకోగలడు.

కుర్చీ ఎవరిది

విశాఖ 1979లో నగర పాలక సంస్థ అయింది. 2005లో గాజువాక పురపాలక సంఘాన్నీ చుట్టుపక్కల గ్రామాలనూ కలుపుకొని మహా విశాఖ నగర పాలక సంస్థగా మారింది. మొదట హైదరాబాదు కోసం చేసిన 1955 నాటి నగర పాలక సంస్థల చట్టమే ఇక్కడి పాలనకూ ఆధారం. దానికి 74వ రాజ్యాంగ సవరణ తోడై పాలక మండలికి ఐదేళ్ళ పదవీకాలాన్ని, రిజర్వేషన్లను స్థిరపరచింది. ఈ ఏర్పాటులో మేయర్‌కు మూడు వేషాలు ఉంటాయి: నగర ప్రథమ పౌరుడు లేదా ప్రథమ పౌరురాలు, గెలిపించిన పార్టీకి నగరంలో ముఖ్య నాయకత్వం, సభాధ్యక్షత. మొదటి రెండింటి మధ్య పొత్తు సులభంగానే కుదురుతుంది. మూడోదానితోనే చిక్కు.

మన నీలం సంజీవరెడ్డి 1967లో లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికైన వెంటనే తన పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారు. మేయర్ అలా చేయలేరు, చేయమని అడగడమూ న్యాయం కాదు, ఎందుకంటే ఓటర్లు ఆ పార్టీకి ఓటేసినది నగరంలో కొన్ని పనులు చేయిస్తారనే. కాబట్టి మేయర్ చేయగలిగినది ఒకటే: కుర్చీలో ఉన్నంతసేపు పార్టీ మాట మాట్లాడకుండా ఉండటం, మాట్లాడక తప్పనప్పుడు కుర్చీ దిగడం. ఒక అంశం మీద మేయర్‌కు బలమైన అభిప్రాయం ఉండి, దానికోసం వాదించాలనుకుంటే, డిప్యూటీ మేయర్‌ను అధ్యక్ష స్థానంలో కూర్చోబెట్టి, తాను సభ్యుల వరుసలోకి వచ్చి, అందరికీ ఉన్న సమయంలోనే మాట్లాడి, ఆ అంశం ముగిసిన తరువాతే తిరిగి వెళ్ళడం ఉత్తమమైన పద్ధతి. పైనుంచి ఒక్కొక్క సభ్యుడికీ జవాబు చెబుతూ పోయే అధ్యక్షులు ప్రతి చర్చనూ తమకూ సభకూ మధ్య తగవుగా మార్చేస్తారు.

తన పదవే ప్రశ్నగా వచ్చినప్పుడు మేయర్ ఆ సభను నడపరు. 2025 ఏప్రిల్ 19న మహా విశాఖ పాలక మండలిలో అవిశ్వాస తీర్మానం వచ్చినప్పుడు జిల్లా యంత్రాంగం నుంచి వచ్చిన అధికారి అధ్యక్షత వహించారు. పదవి రీత్యా మండలిలో ఉండే ఎక్స్ అఫీషియో సభ్యులతో కలిపి మొత్తం ఓట్లు 111, మూడింట రెండు వంతులు అంటే 74 కావాలి, సరిగ్గా 74 మందే అనుకూలంగా నిలిచారు. ఒక్క చెయ్యి తగ్గినా ఫలితం మారిపోయేది. లెక్కించే మనిషికి ఆ లెక్కలో సొంత లాభనష్టాలు ఉండకూడదనే నియమం ఎందుకు పుట్టిందో ఆ రోజును తలచుకుంటే తెలుస్తుంది. ఇదే సూత్రాన్ని చిన్న విషయాల్లోనూ పాటించాలి: తనకు గాని, తన కుటుంబానికి గాని డబ్బు సంబంధం ఉన్న అంశం అజెండాలో ఉంటే అధ్యక్షులు ముందుగానే ఆ సంగతి చెప్పి, ఆ అంశం పూర్తయ్యేదాకా కుర్చీనీ హాలునూ కూడా వదలాలి.

సమావేశానికి ముందు

అజెండా కట్ట చేతికి వచ్చిన రోజే అధ్యక్షత మొదలవుతుంది. ప్రతి అంశం పక్కన పెన్సిలుతో ఒకే వాక్యం రాసుకోండి: ఈ అంశంలో సభను ఏం నిర్ణయించమని అడుగుతున్నారు? కార్యాలయ నోటు నాలుగు పేజీలు ఉండవచ్చు. అందులో అడిగే నిర్ణయం ఒక్క వాక్యంలో ఉంటుంది. ఆ వాక్యం దొరకకపోతే కౌన్సిల్ కార్యదర్శిని పిలిచి అడగండి. కార్యదర్శి కూడా చెప్పలేకపోతే ఆ అంశం సభకు రావడానికి సిద్ధంగా లేదని అర్థం.

అంశాలన్నీ ఒకటే రకం కావు. కొన్ని కొత్త ప్రతిపాదనలు. కొన్ని స్థాయీ సంఘం (సభ్యుల్లోంచి ఎన్నికైన చిన్న కమిటీ) చూసి పంపినవి. మరికొన్ని అత్యవసరమని చెప్పి పని ముందే జరిపించి, ఇప్పుడు ఆమోదం కోసం తెచ్చినవి. ఈ మూడో రకం మీద ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి. పని జరిగిపోయిందన్న మాట ప్రశ్నలకు అడ్డు కాకూడదు. అత్యవసరం ఏమిటి, ఎవరు అనుమతించారు, ఎంత ఖర్చయింది అని అడిగే అవకాశం సభ్యులకు తప్పక ఇవ్వాలి. ఇక సమావేశం రోజునే బల్ల మీదికి వచ్చే టేబుల్ అంశాల విషయంలో నేను కాస్త కఠినంగానే మాట్లాడతాను. ఎవరూ చదవని కాగితం మీద ఎవరి ఆమోదమూ నిజమైన ఆమోదం కాదు. తుఫాను, తాగునీటి పైపు పగలడం వంటి నిజమైన తొందర ఉన్నప్పుడు తీసుకోండి, అప్పుడు కూడా పది నిమిషాలు చదువుకోవడానికి ఇచ్చి, అడుగుతున్న నిర్ణయాన్ని మీరే పైకి చదవండి. తక్కినవి వచ్చే నెలకు వెళ్ళవచ్చు.

తరువాత కాలం లెక్క. 2021 మార్చిలో ఎన్నికైన మండలికి 98 వార్డులు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు ఇచ్చినా 294 నిమిషాలు, అంటే దాదాపు ఐదు గంటలు ఒకే అంశానికి సరిపోతాయి. అందుచేత ముందురోజే అన్ని పార్టీల ఫ్లోర్ లీడర్లనూ (సభలో ఆయా పార్టీల సభ్యుల నాయకులనూ) కూర్చోబెట్టి, ఏ అంశాల మీద పెద్ద చర్చ కావాలో, ఏవి చర్చ లేకుండా పోవచ్చో, ఏ అంశం మీద ఎవరు మాట్లాడతారో అడిగి తెలుసుకోవాలి. ఈ భేటీలో ప్రతిపక్షానికి వారు కోరిన రెండు మూడు అంశాల మీద నిండుగా సమయం ఇస్తానని మాట ఇచ్చి, ఆ మాటను నిలబెట్టుకున్న అధ్యక్షులకు సభలో సగం రభస ఉండదు. స్వతంత్రులనూ, ఒకరిద్దరు సభ్యులే ఉన్న పార్టీలనూ మరచిపోవద్దు. వారికి ఫ్లోర్ లీడరు ఉండరు గనుక మీరే వారి పేర్లు రాసుకోవాలి.

కమిషనర్‌తోనూ విడిగా మాట్లాడాలి. కమిషనర్ సభకు హాజరై వివరణ ఇవ్వగలరు గాని ఓటు వేయలేరు. ఏ అంశం మీద ఏ విభాగాధిపతి జవాబు చెబుతారో ముందే తేల్చుకుంటే, చర్చ మధ్యలో ఇంజనీరు పట్టణ ప్రణాళిక అధికారి వైపు, ఆయన మరొకరి వైపు చూస్తూ నీళ్ళు నమిలే స్థితి రాదు.

సభ మొదలయ్యాక

కోరం, అంటే సభ నడవడానికి ఉండవలసిన కనీస హాజరు, ఉందని కార్యదర్శి చెప్పిన తరువాతే సభను ప్రారంభించండి. మధ్యలో సభ్యులు పలచబడి, కోరం లేదని ఎవరైనా ఎత్తి చూపితే, లెక్కపెట్టించండి, లేకపోతే ఆపండి. సంతాప తీర్మానాలు, గత సమావేశం మినిట్స్ ధ్రువీకరణ త్వరగానే ముగుస్తాయి. తరువాత, సభ్యులు తమ వార్డు సమస్యలు చెప్పుకోవడానికి వచ్చే జీరో అవర్‌లోనే అసలు పరీక్ష.

మహా విశాఖ ఒక పక్క భీమిలి నుంచి మరో పక్క అనకాపల్లి దాకా పరచుకున్న నగరం. గాజువాక సభ్యుడికి పరిశ్రమల దుమ్ము, మధురవాడ సభ్యురాలికి కొత్త కాలనీలకు అందని రోడ్డు, కొండవాలు వార్డులవారికి పైకి ఎక్కని నీళ్ళు, కాపులుప్పాడ వైపు వారికి డంపింగ్ యార్డు. ఎవరి గోడు వారికి ప్రాణం మీదికి వచ్చినదే. ఆ గోడు వినడానికి ఒక వేళ ఉందని సభ్యులకు నమ్మకం కలిగించకపోతే, వారు దాన్ని తీసుకెళ్ళి బడ్జెట్ చర్చలోనో ప్రకటనల బోర్డుల అంశంలోనో కుమ్మరిస్తారు. అందుకని జీరో అవర్‌ను కుదించవద్దు. లాటరీ తీసో, వార్డు సంఖ్యల వరుసను ప్రతి నెలా మారుస్తూనో పేర్లు పిలవండి. ప్రతి విన్నపానికీ జవాబిచ్చే అధికారి పేరూ గడువు తేదీ పైకి చెప్పించి రాయించండి. తరువాత అజెండా మధ్యలో ఎవరైనా వీధి దీపం సంగతి ఎత్తితే, "మీ విన్నపం జీరో అవర్‌లో నమోదైంది, ఫలానా అధికారి ఫలానా తేదీలోగా జవాబు ఇస్తారు, ఇప్పుడు సభ ముందున్నది పదమూడో అంశం" అని చెప్పగలుగుతారు. ఆ మాట చెప్పే హక్కు జీరో అవర్‌ను సరిగా నడిపినవారికే ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక సంస్థల స్థానాల్లో సగం మహిళలవి. సభ్యురాలు లేచినప్పుడు వెనుక నుంచి భర్త గాని, బంధువు గాని మాట అందించడం, కొన్నిచోట్ల తామే మాట్లాడబోవడం నేను చూశాను. సభ్యులు కానివారి గొంతు సభలో వినబడకూడదు. దాన్ని ఆమెను నొప్పించకుండా, "సభ్యురాలి మాట సభకు కావాలి, నిదానంగా చెప్పండి" అని ఆమెకే సమయం ఇచ్చి ఆపాలి. మొదటిసారి తడబడిన సభ్యురాలికి అదనంగా ఇచ్చిన ఆ ఒక్క నిమిషం రెండో సమావేశంలో ఫలితం ఇస్తుంది.

తీర్మానం, సవరణ

అధ్యక్షతలో కష్టమంతా ఇక్కడే ఉంది కాబట్టి ఒక ఉదాహరణ కల్పించుకొని నిదానంగా చూద్దాం. కొండ కింది కాలనీని ఆనుకొని పారే గెడ్డకు (కొండవాగుకు) ఒక వైపు రక్షణ గోడ కట్టాలని అజెండాలో ఉంది. ఒక సభ్యుడు ప్రతిపాదించారు, మరొకరు బలపరచారు. ఒక సభ్యురాలు లేచి, ఒక వైపే కడితే వానాకాలం నీరంతా రెండో వైపు ఇళ్ళలోకి వస్తుందనీ రెండు వైపులా కట్టాలనీ అన్నారు. ఇంకొకరు ముందు పూడిక తీయకుండా గోడ కట్టి లాభం లేదన్నారు. మూడో సభ్యుడు ఆక్రమణల సర్వే పూర్తయ్యేదాకా ఈ అంశాన్నే ఆపమన్నారు. నాలుగో ఆయన, "మా వార్డులోనూ గెడ్డ ఉంది, దాని సంగతి ఏమిటి?" అని గట్టిగా అడిగారు. ఐదు నిమిషాల్లో నలుగురూ ఒకరిమీద ఒకరు మాట్లాడుతున్నారు.

అధ్యక్షులకు అర్థం కావలసినది ఏమిటంటే, ఇక్కడ నాలుగు అభిప్రాయాలు లేవు, నాలుగు వేర్వేరు రకాల ప్రశ్నలు ఉన్నాయి. సభ్యురాలిది సవరణ. పూడిక మాటా సవరణే, ఎందుకంటే అది పని క్రమాన్ని మార్చి తీర్మానానికి ఒక షరతు చేరుస్తుంది. మూడోది వాయిదా ప్రతిపాదన. నాలుగోది ఈ అంశానికి చెందినది కాదు. కాబట్టి అప్పుడు చెప్పవలసిన మాటలు దాదాపు ఇలా ఉంటాయి: "గౌరవ సభ్యులు ఒక్క నిమిషం కూర్చోవాలి. సభ ముందు అసలు తీర్మానం ఒకటి, దానిమీద రెండు సవరణలు, ఒక వాయిదా ప్రతిపాదన ఉన్నాయి. వేరే వార్డు గెడ్డ గురించి లేచిన సభ్యుడి విన్నపాన్ని విడిగా నమోదు చేయమని కార్యదర్శిని కోరుతున్నాను. ముందుగా వాయిదా వేయాలా వద్దా అన్నది తేలుద్దాం." వాయిదాను బలపరచేవారు ఉంటే దానిమీద మాత్రమే చర్చించి ఓటు పెట్టాలి. అది గెలిస్తే మిగతావాటితో పని లేదు. ఓడిపోతే సవరణలు ఒక్కొక్కటిగా, ఒకదానికి ఓటు పూర్తయ్యాకే మరొకటి. చివరికి, నెగ్గిన సవరణలతో మారిన తీర్మానాన్ని మొత్తంగా మళ్ళీ చదివి ఓటు పెట్టాలి. ఈ చివరి ఓటును చాలామంది మరచిపోతారు. సవరణ నెగ్గడం అంటే తీర్మానం రూపం మారడమే తప్ప తీర్మానం నెగ్గినట్టు కాదు. రెండు వైపులా గోడ కావాలన్న సవరణకు ఓటేసిన సభ్యుడే, అంత ఖర్చు పెట్టలేమని మొత్తం తీర్మానాన్ని వ్యతిరేకించవచ్చు.

ఖర్చు పెంచే సవరణ వచ్చినప్పుడు ఓటుకు ముందు అధికారి నోట అంకె చెప్పించాలి. అంకె చెప్పలేకపోతే అంచనా వేయించి వచ్చే సమావేశానికి తెమ్మని సభ అడగవచ్చు. అంకె తెలియకుండా ఒప్పుకున్న సవరణలు కాగితాల మీదే మిగిలిపోవడం, దానికి ఆ వార్డు ప్రజల దగ్గర సభ్యులు మాట పడటం నేను చాలాసార్లు చూశాను.

నేను పనిచేసిన చోట ఒకసారి ఇలాగే ఒక కాలువ పని మీద రెండు సవరణలు వచ్చాయి. చర్చ అరగంట సాగింది. చివరికి అందరూ "సరే, సరే" అన్నారు, అధ్యక్షులు "ఆమోదం" అన్నారు, తరువాతి అంశం మొదలైంది. నేను "సవరణతో ఆమోదించడమైనది" అని రాశాను. ఏ సవరణతో? నేను లేచి అడగవలసింది, అడగలేదు. మరుసటి నెల మినిట్స్ ధ్రువీకరణకు వచ్చేసరికి పాత అంచనా ప్రకారమే పని మొదలైపోయింది, ఇద్దరు సభ్యులూ ఎవరి సవరణ నెగ్గిందన్న దానిమీద గొంతు చించుకున్నారు, నా వాక్యం ఎవరికీ అక్కరకు రాలేదు. ఆ తరువాత నుంచి ఆ అధ్యక్షులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. అరఠావు తెల్లకాగితం మీద తీర్మానాన్ని పెన్సిలుతో పెద్ద అక్షరాల్లో రాసి, ముందు బల్ల మీద పెట్టుకునేవారు. సవరణ నెగ్గితే పాత మాటను ఒక గీతతో కొట్టి, పైన కొత్త మాట రాసి, మారిన వాక్యాన్ని పైకి చదివి, నా వైపు చూసేవారు. నేను తల ఊపాకే ఓటు అడిగేవారు. దీనికి అయ్యే సమయం ముప్పై సెకన్లు. ఆ కాగితాన్ని సమావేశం చివర నాకే ఇచ్చేవారు. నేను మినిట్స్ రాసేది దాన్ని చూసే.

రభస వచ్చినప్పుడు

సభ్యులు పోడియం చుట్టుముట్టినప్పుడు మొదట చేయవలసినది గొంతు పెంచకపోవడం. అధ్యక్షులు లేచి నిలబడితే సభ్యులు కూర్చోవాలన్నది సభా మర్యాద. నిలబడి, మౌనంగా ఒక అర నిమిషం ఆగితే చాలాసార్లు వేడి తగ్గుతుంది. తగ్గకపోతే సభ్యుడిని పేరుతో ఒకసారి, రెండోసారి హెచ్చరించి, ఆ తరువాతే బయటికి వెళ్ళమని ఆదేశించాలి. మార్షల్స్‌ను పిలవడం అన్నిటికంటే చివరిది. అందరూ నిలబడి అరుస్తున్నప్పుడు ఒక్కరిని పంపించడం వల్ల ప్రయోజనం ఉండదు. పదిహేను నిమిషాలు వాయిదా వేసి, తిరిగి ఎన్ని గంటలకు కలుస్తామో స్పష్టంగా చెప్పి, ఆ వ్యవధిలో ఫ్లోర్ లీడర్లను గదికి పిలిచి మాట్లాడండి. సందర్శకులు సభకు అడ్డుపడితే వారిని బయటికి పంపే అధికారం అధ్యక్షులకు ఉంది, దానికి వెనుకాడనక్కరలేదు.

పాయింట్ ఆఫ్ ఆర్డర్ అన్న మాట వినగానే మిగతా చర్చను ఆపి, "ఏ నియమం ఉల్లంఘన జరిగింది?" అని అడగండి. నియమం చెబితే అక్కడికక్కడే, ఒకటి రెండు వాక్యాల్లో కారణంతో సహా తీర్పు ఇవ్వండి. చెప్పలేక ఎదుటి పార్టీ పదేళ్ళ కిందట ఏం చేసిందో మొదలుపెడితే, అది పాయింట్ ఆఫ్ ఆర్డర్ కాదని చెప్పి ముందుకు సాగండి. పాలక పక్షం సభ్యుడు లేచినా ఇదే ప్రశ్న, ఇదే గొంతుతో అడగాలి. ప్రతిపక్షం కుర్చీని కనిపెట్టి చూసేది ఇక్కడే.

ఒక్క పని మాత్రం ఎన్నడూ చేయవద్దు. నినాదాల మధ్య, వాకౌట్ మధ్య, ఎవరికీ ఏమీ వినబడని గందరగోళంలో "అజెండా మొత్తం ఆమోదం" అని ప్రకటించి లేచిపోవద్దు. మెజారిటీ ఉంది కదా, ఎలాగూ నెగ్గేదే కదా అని ఆ క్షణంలో అనిపిస్తుంది. నెగ్గేదే అయితే ఒక గంట తరువాతైనా నెగ్గుతుంది. గందరగోళంలో ఆమోదించిన అరవై అంశాల్లో తమ వార్డు కల్యాణ మండపం అద్దె పెంపు కూడా ఉందని పాలక పక్షం కార్పొరేటర్లకే మరునాడు పత్రికల్లో చూసి తెలియడం జరుగుతుంది. ఆ సభ్యులు ఏ ముఖం పెట్టుకొని తమ వీధిలోకి వెళ్ళాలి? ప్రతిపక్షం మాట్లాడి ఓడిపోయినప్పుడు నిర్ణయం సభది అవుతుంది. మాట్లాడనివ్వకుండా ఓడిస్తే అది పాలక పక్షానిది మాత్రమే అవుతుంది. మైకు ఆపడాన్ని కూడా ఇదే దృష్టితో చూడండి. సమయం మించినప్పుడు గంట కొట్టి, ఒక వాక్యంలో ముగించమని చెప్పి, ఆ వాక్యం పూర్తి కానిచ్చి, అప్పుడు ఆపండి.

ఓటు

చాలా అంశాలు మూజువాణి ఓటుతో (నోటితో అవును, కాదు అనడంతో) తేలిపోతాయి, తేలిపోవాలి కూడా. సందేహం ఉన్నా, సభ్యులు డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, కోరినా చేతులు ఎత్తించి లెక్కించండి. ఆ ముందు ఓటు హక్కు ఉన్నవారి జాబితా బల్ల మీద ఉండాలి. కార్పొరేటర్లకూ, శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు వంటి ఎక్స్ అఫీషియో సభ్యులకూ ఓటు ఉంటుంది. పురపాలనలో ప్రత్యేక అనుభవం ఉందని మండలిలో చేర్చుకున్న కోఆప్షన్ సభ్యులు మాట్లాడగలరు గాని వారికి ఓటు లేదని రాజ్యాంగమే చెబుతుంది. ఇద్దరు సిబ్బంది హాలుకు రెండు వైపుల నుంచి విడివిడిగా లెక్కపెట్టి, రెండు అంకెలూ కలిశాకే ప్రకటించాలి. అనుకూలం ఎంత, వ్యతిరేకం ఎంత, తటస్థం ఎంత అని అంకెలతో చెప్పాలి. కోనసీమకు చెందిన జి.ఎం.సి. బాలయోగి స్పీకర్‌గా ఉండగా 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో విశ్వాస తీర్మానం 269–270తో ఓడిపోయింది. దేశ ప్రభుత్వమే ఒక్క ఓటుతో పడిపోయిన ఫలితాన్ని ఆ కుర్చీ నుంచి ప్రకటించవలసి వచ్చింది. లెక్క మీద అందరికీ నమ్మకం ఉన్న చోటే అటువంటి ప్రకటన నిలబడుతుంది.

ఓట్లు సమానమైతే అధ్యక్షులకు నిర్ణాయక ఓటు ఉంటుంది. దాన్ని ఎటు వేయాలన్నది చట్టం చెప్పదు. 1857 నుంచి 1872 దాకా బ్రిటన్ కామన్స్ సభ స్పీకర్‌గా ఉన్న జాన్ ఎవిలిన్ డెనిసన్ పేరిట ఒక సూత్రం ఉంది: చర్చ కొనసాగే అవకాశం ఉన్నప్పుడు కొనసాగింపుకు ఓటు వేయాలి, అది లేనప్పుడు ఉన్న స్థితిని మార్చకుండా ఓటు వేయాలి. సభ సగానికి సగం చీలిపోయినప్పుడు మార్పు కావాలని మెజారిటీ ఇంకా కోరలేదు కదా అన్నదే దాని వెనుక ఉన్న తర్కం. పార్టీకి నాయకత్వం వహించే మేయర్‌కు ఈ సూత్రాన్ని పాటించే నిర్బంధం లేదు. అయినా పన్ను పెంచడం, స్థలం లీజుకివ్వడం వంటి వెనక్కి తీసుకోలేని అంశాల్లో దీన్నే పాటించి, కారణం చెప్పి ఓటు వేయడం మేలని నేను గట్టిగా నమ్ముతాను.

మినిట్స్

సమావేశం ముగిసిన మరునాడే కార్యదర్శితో కూర్చొని మినిట్స్ ముసాయిదా చూడండి. వారం ఆగితే మీకూ వారికీ మాటలు గుర్తుండవు. ప్రతి తీర్మానం పూర్తి పాఠం, ప్రతిపాదించినవారు, బలపరచినవారు, నెగ్గిన సవరణలు, ఓడిన సవరణలు, ఓట్ల అంకెలు ఉండాలి. "ఏకగ్రీవంగా" అన్న మాటను ఒక్కరైనా వ్యతిరేకించిన చోట రాయనివ్వవద్దు. "మెజారిటీతో" అని రాయించండి. అసమ్మతి నమోదు చేయమని అడిగిన సభ్యుల పేర్లు తప్పక చేర్చండి. ఆ నమోదు పదేళ్ళ తరువాత కోర్టులోనో విచారణలోనో వారిని కాపాడవచ్చు. ఎవరేం తిట్టారో రాయనక్కరలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఏ పౌరుడైనా ఈ కాగితాలను అడగవచ్చు కాబట్టి, ఆ రోజు హాలులో లేని మనిషి చదివినా అర్థమయ్యే తెలుగులో ఉండేలా చూడండి.

వచ్చే సమావేశంలో మినిట్స్ ధ్రువీకరణకు వచ్చినప్పుడు, రాసినది సరిగ్గా జరిగినదేనా అన్న ఒక్క ప్రశ్ననే అనుమతించండి. నిర్ణయం నచ్చనివారు దాన్ని మార్చడానికి విడిగా తీర్మానం తేవాలి. ఎవరైనా నమోదులో తప్పు చూపితే పెన్సిలుతో రాసిన ఆ అరఠావు కాగితాన్ని ఫైలు నుంచి తీయించి చదివించండి. అది దొరకాలంటే ప్రతి సమావేశం చివర, కుర్చీ నుంచి లేవకముందే, కాగితం మీద తేదీ, అంశం సంఖ్య వేసి కార్యదర్శి చేతికి ఇచ్చి, ఫైలులో గుచ్చించడం అలవాటు చేసుకోండి.